టికియాపారా నుంచి టైగర్ హిల్ దాకా

విశాఖ వైపు నుంచి హౌరా వెళ్లే బండెక్కిన తెలుగువాళ్లలో టికియాపారా పేరు తెలియనివాళ్లు ఉంటారేమో గానీ, ఆ చోటు చూడనివాళ్లు ఉండరు. సంత్రాగాఛి దాటాక రాంరాజాతలా, దాస్‌నగర్, ఆ వెంటనే టికియాపారా. దాని తర్వాత ఇక హౌరాయే. సీటు కింది సామాన్లు లాగి, చెప్పులు తొడుక్కుని, తలుపు దగ్గర వరుస కట్టాక బండి ఆగిపోయేది సరిగ్గా ఇక్కడే. హౌరాలో ప్లాట్‌ఫారం ఖాళీ అయ్యేదాకా కదలదు. కిటికీలోంచి చూస్తే వరసగా నిలబెట్టిన ఖాళీ రైళ్లు, వాటి మధ్య గొట్టాలు పట్టుకుని పెట్టెలు కడిగే మనుషులు, ఆ వెనక కిక్కిరిసిన ఇళ్లు, డాబాల మీద ఆరేసిన బట్టలు. అరగంట అక్కడే గడిచినా ఎవరూ ఆ చోటు గురించి ఆలోచించరు. అందరి మనసూ ముందున్న పెద్ద స్టేషన్ మీదే ఉంటుంది.

మా చిన్నాన్న ఉద్యోగమంతా ఆ పట్టాల మధ్యే గడిచింది. లోకల్ రైళ్ల కార్‌షెడ్‌లో ఫిట్టరు. శ్రీకాకుళం జిల్లా నుంచి ఆయన తండ్రి తరంవాళ్లు ఖరగ్‌పూర్ వచ్చారు. అప్పటి బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే వర్క్‌షాపు మన ఉత్తరాంధ్ర పల్లెల్ని అక్కడికి రప్పించింది. ఇప్పటికీ ఖరగ్‌పూర్ వీధుల్లో తెలుగు అడుగడుగునా వినిపిస్తుంది. అక్కణ్ణుంచి కొన్ని కుటుంబాలు రైలు పట్టాల వెంటే హౌరా దాకా వచ్చేశాయి. చిన్నాన్న ఉండే సందులో పొద్దున్నే వినబడేవి ఉర్దూ, హిందీ, బంగ్లా. వాళ్లింట్లో మాత్రం పక్కా సిక్కోలు మాట. రిటైరయ్యాక కూడా ఆయన చెవి రైళ్ల మీదే ఉంటుంది. అన్నం తింటూ తింటూ ఆగి, "ఆ బండికి ఒక సక్రం అరిగిపోనాది" అంటాడు. పిన్ని పట్టించుకోదు. పప్పు వడ్డిస్తూనే ఉంటుంది.

నాకు ఏ ఊరెళ్లినా అక్కడి ఎత్తైన చోటు ఎక్కి ఆ ఊరిని ఒక్కసారిగా చూడాలని ఉంటుంది. శాలిహుండం కొండెక్కి వంశధారను చూస్తూ పెరిగినదాన్ని. విశాఖ వెళ్తే కైలాసగిరి, సింహాచలం. ఊరు ఎటు పెరిగింది, నీళ్లు ఎటు పారతాయి, పేదవాళ్ల ఇళ్లు ఎక్కడ ఆగిపోయి పెద్దవాళ్ల ఇళ్లు ఎక్కడ మొదలయ్యాయి, ఇవన్నీ పైనుంచి చూస్తేనే అర్థమవుతాయి. హౌరాలో ఉన్నప్పుడు అదే అడిగాను, ఇక్కడ ఊరంతా కనబడే చోటు ఏముందని. చిన్నాన్న చాలాసేపు ఆలోచించాడు.

"కొండలేవి అమ్మా ఇక్కడ? టేసన్ మీద నడిసే బ్రిడ్జీ ఉన్నాది. అదే నాకు ఎత్తు."

ఆ మాట నన్ను కదిలించింది. ఏళ్ల తరబడి రైళ్ల అడుగున పడుకుని బ్రేకులు బిగించిన మనిషి, తానున్న మహానగరాన్ని ఒక్కసారైనా పైనుంచి చూడలేదు. చూడాలని ఉందా అని అడిగినవాళ్లూ లేరు.

కలకత్తా, హౌరా రెండూ సముద్ర మట్టానికి 9 మీటర్లో అంతకంటే తక్కువో ఎత్తున్న బురద నేల మీద పుట్టాయి. చుట్టుపక్కల ఎక్కడా చిన్న గుట్ట కూడా లేదు. అటువంటి ఊళ్లో దాదాపు 200 ఏళ్ల కిందట ఊరంతా కనబడేటట్టు ఒక స్తంభం లేపారు. అదీ ఒక కొండల యుద్ధం పుణ్యాన. ఆ స్తంభాన్నీ, ఆ కొండల్నీ ఒకే ప్రయాణంలో చూడాలని అప్పుడే అనుకున్నాను. చిన్నాన్నను కూడా బయలుదేరదీశాను. పిన్ని మోకాళ్ల నొప్పులని రాలేదు.

టికియాపారా నుంచి టోటో అనే బ్యాటరీ రిక్షా ఎక్కి హౌరా మైదాన్ మెట్రోకి వచ్చాం. మధ్యలో బెలీలియస్ రోడ్డు. లేతు మిషన్ల చప్పుడు, ఇనుప రజను వాసన, గుమ్మాల్లో కూర్చుని నట్లూ బోల్టులూ ఏరుతున్న పిల్లగాళ్లు. హౌరా అంటే బయటివాళ్లకి బ్రిడ్జి, స్టేషనే. కానీ ఈ ఊరు ఇనుముతో బతికిన ఊరు. మెట్రోలో హుగ్లీ నది కిందనుంచి వెళ్లడం చిన్నాన్నకి కొత్త. 2024 మార్చిలో ఈ దారి జనానికి తెరిచారు. నది అడుగున సొరంగం 520 మీటర్లు, రైలు దాన్ని ముప్పావు నిమిషంలో దాటేస్తుంది. గోడల మీద నీలం దీపాలు వెలిగేసరికి పెట్టెలో ఉన్నవాళ్లంతా ఫోన్లు తీశారు. చిన్నాన్న మాత్రం తలుపు పక్కనున్న రబ్బరు అంచుని వేలితో నొక్కి చూస్తున్నాడు.

ఎస్ప్లనేడ్‌లో పైకి వస్తే, బస్టాండు గోల మధ్య, మైదానం అంచున తెల్లగా నిలబడి ఉంది షహీద్ మీనార్. ఎత్తు 48 మీటర్లు. ఈ రోజుల్లో అది పెద్ద ఎత్తేం కాదు. దాని కంటే పొడుగైన అపార్టుమెంట్లు హౌరాలోనే ఉన్నాయి. అయినా చుట్టూ ఖాళీ నేల ఉండటం వల్ల ఇప్పటికీ కళ్లు దాని మీదికే పోతాయి. కింద ఈజిప్టు తరహా పీఠం, దాని మీద సిరియా తరహా స్తంభం, పైన తుర్కీ తరహా గుమ్మటం. మూడు దేశాల పద్ధతులు ఒకదాని మీద ఒకటి పెట్టారు గానీ, కలిసి చూస్తే ఎబ్బెట్టుగా లేదు. గుమ్మటం కింద రెండు బాల్కనీలు. లోపల గుండ్రంగా తిరిగే 223 మెట్లు.

1828లో కట్టారు దీన్ని. డేవిడ్ ఆక్టర్‌లోనీ అనే ఈస్టిండియా కంపెనీ సేనాని జ్ఞాపకంగా. బోస్టన్‌లో పుట్టి, 1804లో హోల్కరు సేనల నుంచి ఢిల్లీని కాపాడి, 1814 నుంచి 1816 దాకా నేపాల్‌తో జరిగిన యుద్ధంలో కంపెనీని గెలిపించినవాడు. ఆ యుద్ధంలో కంపెనీ సేనలు మొదట్లో చాలాచోట్ల దెబ్బతిన్నాయి. గూర్ఖాలు కొండ శిఖరాల మీద రాతి కోటలు కట్టుకుని కూర్చున్నారు. వాళ్లని కిందనుంచి ఢీకొట్టడం కుదరదని ఆక్టర్‌లోనీకి తెలిసింది. ఫిరంగుల్ని మనుషుల చేత, ఏనుగుల చేత కొండలెక్కించి, వాళ్లకంటే ఎత్తైన చోట నిలబెట్టి కొట్టాడు. ఎత్తు ఎవరిదైతే గెలుపు వాళ్లది అన్న లెక్కతో గెలిచిన మనిషికి, కొండే లేని ఊళ్లో ఎత్తైన స్తంభం కట్టారు.

ఆ యుద్ధాన్ని ముగించిన సుగౌలీ సంధి వల్ల నేపాల్ తాను ఆక్రమించుకున్న సిక్కిం భూముల్ని వదులుకుంది. 1817లో కంపెనీ వాటిని సిక్కిం రాజుకి తిరిగి ఇచ్చింది. ఇచ్చినట్టే ఇచ్చి, 1835లో ఆ కొండల్లో ఒక ముక్కని తన సైనికులు ఆరోగ్యం బాగుచేసుకునే చోటు కోసమని తీసుకుంది. ఆ ముక్కే డార్జిలింగ్. కంపెనీ అధికారులు ఆ కొండ వాలు చూసి ముచ్చటపడింది 1828, 29 ప్రాంతంలో. అంటే ఇక్కడ ఈ స్తంభానికి సున్నం పూస్తున్న కాలంలోనే. ఈ రెండింటినీ కలిపి చూడకుండా డార్జిలింగ్ వెళ్లొస్తే సగం కథ తెలియకుండా పోతుందని నా నమ్మకం.

కట్టింది బర్న్ కంపెనీ అని చెప్పగానే చిన్నాన్న ఆగిపోయాడు.

"బర్న్ కంపెనీయేటి? మన హౌరా బర్న్ కంపెనీయేటి? వేగన్లు సేసినోళ్లా?"

వాళ్లే. స్తంభాలూ చర్చిలూ కట్టిన ఆ కంపెనీయే తర్వాత హౌరాలో ఇనుప కార్ఖానా పెట్టి, రైల్వేకి వేల వేగన్లు చేసి ఇచ్చింది. స్వతంత్రం వచ్చాక ప్రభుత్వం చేతికి వచ్చి బర్న్ స్టాండర్డ్ అయింది. 2018లో దాన్ని మూసేయాలని కేంద్రం తీర్మానించింది. చిన్నాన్న స్నేహితులు కొందరు అందులో పనిచేసినవాళ్లు. ఆయన మీనారు దగ్గరికెళ్లి పీఠం గోడ మీద అరచెయ్యి పెట్టి, "మనోల్లదే" అన్నాడు. ఆక్టర్‌లోనీ కథ ఎంత చెప్పినా ఆయనకి ఎక్కలేదు. కట్టినవాళ్ల పేరు మాత్రం మనసుకి పట్టింది. అదే సరైన వరస అనిపించింది నాకు.

1931 సెప్టెంబరులో ఖరగ్‌పూర్ దగ్గరి హిజ్లీ నిర్బంధ శిబిరంలో పోలీసులు కాల్పులు జరిపి సంతోష్ కుమార్ మిత్రా, తారకేశ్వర్ సేన్‌గుప్తా అనే ఇద్దరు ఖైదీల్ని చంపారు. దానికి నిరసనగా జరిగిన సభకి ఈ స్తంభం పాదాల దగ్గరే రవీంద్రనాథ్ టాగోర్ అధ్యక్షత వహించాడు. అప్పటినుంచి ఇక్కడ సభలు ఆగలేదు. హిజ్లీ శిబిరం భవనంలోనే 1951లో మొదటి ఐఐటీ మొదలైంది. ఖరగ్‌పూర్ తెలుగు పిల్లలు దాని గోడ పక్కనుంచే బడికి వెళ్తుంటారు. 1969 ఆగస్టు 9న పశ్చిమ బెంగాల్ యునైటెడ్ ఫ్రంట్ ప్రభుత్వం ఆక్టర్‌లోనీ పేరు తీసేసి, స్వాతంత్ర్యం కోసం చనిపోయినవాళ్ల పేరు పెట్టింది. సేనాని స్తంభం అమరుల స్తంభం అయింది.

పేరు జనానిది అయింది, మెట్లు మాత్రం జనానివి కాలేదు. 1997లో ఒక మనిషి కింది బాల్కనీ నుంచి దూకి చనిపోయాడు. అప్పటినుంచి పోలీసు అనుమతి లేకుండా ఎవరూ పైకి వెళ్లడానికి లేదు. తలుపుకి తాళం. మేం వెళ్లినప్పుడు దాని నీడలో శనగలవాడు, ఇద్దరు బూట్ పాలిష్ పిల్లలు, నిద్రపోతున్న ఒక పెద్దాయన. ప్రాణం పోయిన చోట జాగ్రత్త తప్పదు, నేనూ ఒప్పుకుంటాను. బాల్కనీకి ఇనుప జాలీ కట్టొచ్చు, కొద్దికొద్దిమందిని పంపొచ్చు, కాపలా పెట్టొచ్చు. లోకంలో ఇంతకంటే పాత బురుజులు, ఇంతకంటే ఇరుకు మెట్లు జనానికి తెరిచే ఉన్నాయి. తన ఊరిని తను పైనుంచి చూడటం ఏదో సరదా అనుకుని వదిలేయడం సరికాదు. హౌరా గల్లీలో పుట్టిన పిల్లకి నది ఎటు వంపు తిరిగిందో, తన ఇల్లు ఆ పొగలో ఎక్కడుందో కళ్లతో చూసే అవకాశం ఉండాలి. టికెట్టు కొనగలిగినవాళ్లకి న్యూటౌన్‌లో గాజు గోడల మీనారులు దొరుకుతాయి. నడిచి వచ్చినవాళ్లకి దొరకవలసింది ఇదే.

ఎత్తు లేని నేల మీద చూపు కోసం కట్టిన కట్టడాలు ఇక్కడ ఇంకా ఉన్నాయి. బారక్‌పూర్ ట్రంక్ రోడ్డు మీద, లారీల దుమ్ములో, రెండు ఇటుక బురుజులు నిలబడి ఉంటాయి. దారినపోయేవాళ్లు వాటిని పాత పొగగొట్టాలనుకుంటారు. నిజానికవి 1831లో దేశం కొలత కోసం కట్టినవి. ఆ పని మొదలైంది మద్రాసులో, 1802లో, విలియం లాంబ్టన్ చేతుల మీద. దక్షిణాన అతనికి బురుజుల అవసరం పెద్దగా రాలేదు. కొండలు ఉన్నాయి, అవి లేనిచోట గుడి గోపురాలు ఉన్నాయి. అతని దగ్గర పని నేర్చుకోవడానికి 1818లో హైదరాబాదు వచ్చిన కుర్రాడు జార్జ్ ఎవరెస్ట్. కృష్ణా గోదావరుల మధ్య అడవుల్లో కొలతలు తీస్తూ మలేరియా పడి, ఒళ్లు బాగుచేసుకోవడానికి ఆఫ్రికా దక్షిణ కొస దాకా వెళ్లాల్సి వచ్చింది. బెంగాల్ చేరేసరికి అతనికి ఎక్కడానికి ఏమీ దొరకలేదు. అందుకే ఈ బురుజులు. అటు తర్వాత కలకత్తా ఆఫీసులో కూర్చుని రాధానాథ్ సిక్దార్ వేసిన లెక్కల్లోనే, పదిహేనో నంబరు శిఖరం అన్నింటికంటే పెద్దదని తేలింది. 1856లో లోకానికి చెప్పారు, 29,002 అడుగులని. లెక్క కట్టిన బెంగాలీ పేరు కాక, అప్పటికే ఇంగ్లండు వెళ్లిపోయిన దొర పేరు దానికి పెట్టారు. ఈ అన్యాయం ఎప్పుడు గుర్తొచ్చినా నాకు కోపం వస్తుంది.

సియాల్దాలో రాత్రి డార్జిలింగ్ మెయిల్ ఎక్కాం. ఒకప్పుడు ఈ బండి ఇప్పటి బంగ్లాదేశ్ గుండా, పద్మా నది మీది హార్డింజ్ బ్రిడ్జి దాటి వెళ్లేది. విభజన ఆ దారిని కోసేసింది. ఇప్పుడు ఫరక్కా మీదుగా చుట్టు తిరుగుతుంది. నిద్రలోనే గంగ దాటిపోయాం. పొద్దున న్యూ జల్‌పాయిగురిలో దిగి, వాటా జీపులో కొండెక్కాం. సుక్నా దాటగానే చలి చేతుల మీద మొదలైంది. రోడ్డు పక్కనే, ఒక్కోచోట రోడ్డుని కోసుకుంటూ, రెండడుగుల వెడల్పు రైలు పట్టాలు. చిన్నాన్న జీపులోంచి సగం బయటికి వంగిపోయి వాటినే చూశాడు. "ఇది రైలేటి? మన బొటనేలంత లేదు" అన్నాడు గానీ ఆ గొంతులో ఎంతో ప్రేమ ఉంది.

కంచన్‌జంగా మీద తొలి వెలుగు చూడాలంటే టైగర్ హిల్‌కి తెల్లవారుజామున బయలుదేరాలి. ఊరంతా చీకట్లో ఉండగానే హోటళ్ల ముందు జీపులు హారన్లు కొడతాయి. డార్జిలింగ్ నుంచి ఘూమ్ మీదుగా 11 కిలోమీటర్లు. ఎత్తు దాదాపు 2,590 మీటర్లు. చివరి కిలోమీటరు జీపులు వరసకట్టి నిలిచిపోతే దిగి నడిచాం. దారి పొడుగునా స్థానిక స్త్రీలు ఫ్లాస్కుల్లో కాఫీ అమ్ముతున్నారు. వాళ్లలో ఒకామె చిన్నాన్న మంకీ క్యాప్ చూసి నవ్వి, కాగితం కప్పు ఆయన రెండు చేతుల్లో పెట్టి, ఆ చేతుల్ని తన చేతులతో మూసింది. వేడి తగలాలని. డబ్బులు తర్వాత తీసుకుంది.

ఇక్కడ ఒకప్పుడు అద్దాల గదులున్న వ్యూ టవర్ ఉండేది. మా డ్రైవరు చిన్నప్పటినుంచీ ఈ దారిలో తిరిగినవాడు. టికెట్టు ధరని బట్టి అంతస్తు మారేదని చెప్పాడు. తక్కువ పెట్టినవాళ్లు ఆరుబయట, ఇంకొంచెం పెడితే కింది గది, బాగా పెడితే పైన సోఫా, కాఫీ. మేం మాత్రం జనం మధ్య ఆరుబయటే నిలబడ్డాం. బీహారు నుంచి వచ్చిన కొత్త దంపతులు, ముర్షిదాబాద్ బడి పిల్లలు, కాకినాడ నుంచి వచ్చిన బ్యాంకు ఉద్యోగుల గుంపు. మా తెలుగు విని ఆ గుంపులో ఒకాయన "ఏ ఊరండీ మీది?" అని అడిగాడు. చిన్నాన్న "టికియాపారా" అన్నాడు. ఆయనకి అర్థం కాలేదు. "హౌరా ముందర బండి ఆగుతాది కదండీ, అక్కడ" అని చిన్నాన్న అనగానే, "ఆ... అక్కడా!" అని ఆయన మొహం విప్పారింది.

కంచన్‌జంగా మెల్లగా వస్తుందనీ, మబ్బు తెర తొలగుతుందనీ చదువుకున్నాను. ఆ రోజు తెర లేదు. చీకట్లోనే అది అక్కడ ఉంది, ఆకాశం కంటే కొంచెం లేత బూడిద రంగులో. మేం చూస్తున్నది తూర్పు వైపు. వెలుగు పడింది ఉత్తరాన, మా ఎడమ పక్కన. ఎవరో అరిస్తే అందరం తిరిగాం. 8,586 మీటర్ల శిఖరం కొస మాత్రమే ఎర్రబడింది, కింద కొండంతా ఇంకా చీకట్లో ఉండగా. మాకు సూర్యుడు ఇంకా కనబడలేదు, దానికి కనబడ్డాడు. తర్వాత ఆ ఎరుపు కిందికి జారుతూ, పలచబడుతూ, పసుపై, చివరికి తెల్లగా తేలిపోయింది. ఆ కాసేపూ జనం అరుపులు మానేశారు. బడి పిల్లల మేష్టారు ఒక్కో శిఖరం పేరూ చెబుతున్నాడు. పడమటి వైపు, బాగా దూరంలో, మూడు చిన్న తెల్లని మొనలు. వాటిలో మకాలు పెద్దదిగా, ఎవరెస్ట్ చిన్నదిగా కనిపించాయి. ఎవరెస్ట్ ఇక్కడికి సుమారు 170 కిలోమీటర్లు. మకాలు కాస్త దగ్గర. భూమి వంపు దూరంగా ఉన్నదాన్ని కిందికి దించేస్తుంది. కంటికి కనిపించింది నమ్మకుండా లెక్క వేసినవాడు సిక్దార్. ఈ కొండ మీద నిలబడితే అతను చేసిన పని ఎంత పెద్దదో తెలుస్తుంది.

కంచన్‌జంగాని 1955 మే 25న జో బ్రౌన్, జార్జ్ బాండ్ మొదటిసారి ఎక్కారు. సిక్కిం ప్రజలకి ఆ శిఖరం దేవుడు. దాని మీద కాలు పెట్టబోమని ముందే మాట ఇచ్చి, కొసకి కొద్ది అడుగుల దూరంలో ఆగిపోయారు. తర్వాత ఎక్కినవాళ్లలో చాలామంది ఆ మాట నిలబెట్టారు. ఇది చిన్నాన్నకి చెబితే ఆయన వెంటనే ఒప్పుకున్నాడు. "సింహాద్రప్పన్న కొండెక్కుతాం గాని, గుడి నెత్తి మీద నిలబడతామేటి?" ఎత్తుకి వెళ్లడం వేరు, ఎత్తుని తొక్కడం వేరు అని ఆయనకి ఎవరూ చెప్పనక్కర్లేదు.

తిరుగుదారిలో ఘూమ్‌లో దిగిపోయాం. 2,258 మీటర్ల ఎత్తులో ఉన్న ఈ స్టేషను దేశంలోని రైలు స్టేషన్లన్నిటికంటే ఎత్తైనది. 1881లో పూర్తయిన ఈ రైలు దారికి 1999లో యునెస్కో వారసత్వ గుర్తింపు వచ్చింది. పర్యాటకులు అక్కడి బౌద్ధ మఠం చూడటానికి వెళ్తే, చిన్నాన్న స్టేషన్ వదిలి రానన్నాడు. ఆవిరి ఇంజను వచ్చింది. నీలం రంగు వేసిన పాత బీ క్లాస్ ఇంజను, వందేళ్లు పైబడిన జాతి. దాని ముక్కు మీద, బఫరు దగ్గర, ఇద్దరు మనుషులు కూర్చుని ఉన్నారు. ఒళ్లో ఇసక. పట్టాలు తడిగా ఉన్నచోట చక్రం జారకుండా, బండి నడుస్తుండగానే చేత్తో పిడికెడు పిడికెడు పట్టా మీద చల్లుతారు.

చిన్నాన్న అది చూసి ఎంతసేపు నిలబడిపోయాడో. "మా ఇంజన్లకీ ఇసక పెట్టె ఉన్నాది. డ్రైవరు మీట నొక్కితే గొట్టంలోంచి పడతాది. ఇక్కడ మడిసి సేత్తో ఏస్తన్నాడు సూడు. ఎంత ఏయాలో ఆడికి తెలుసు. ఎక్కువేస్తే సక్రం పట్టీస్తాది, తక్కువేస్తే జారిపోద్ది." ఇంజను ఆగగానే వాళ్ల దగ్గరికి వెళ్లి, తన హిందీలో, తాను కూడా రైల్వేనే అని పరిచయం చేసుకున్నాడు. వాళ్లలో పెద్దాయన ఇసక కొంచెం తీసి చిన్నాన్న చేతిలో పోశాడు. చిన్నాన్న దాన్ని రెండు వేళ్ల మధ్య రుద్ది చూసి, తల ఊపాడు. సన్నగా జల్లించిన, ఎండబెట్టిన ఇసక. తడి ఉంటే ముద్దకట్టి పడదు కదా. వాళ్లు ముగ్గురూ చక్రం పక్కన వంగి ఏదో చూపించుకుంటుంటే నేను ఫోటో తీశాను. ఆ రోజు తీసిన కంచన్‌జంగా ఫోటోలన్నిటికంటే ఆ ఫోటోనే నాకు ఎక్కువ ఇష్టం.

ఘూమ్ నుంచి డార్జిలింగ్ దిగే దారిలో బతాసియా లూప్ వస్తుంది. వాలు మరీ ఎక్కువ కాకుండా పట్టా అక్కడ తన మీద తనే చుట్టుకుంటుంది. మధ్యలో 1995లో ప్రారంభించిన యుద్ధ స్మారకం. స్వతంత్రం తర్వాత దేశం కోసం ప్రాణాలిచ్చిన గూర్ఖా సైనికులది. తల వంచి నిలబడిన సైనికుడి విగ్రహం వెనక హిమాలయాలు. కలకత్తా మైదానంలో గూర్ఖాల్ని ఓడించిన సేనాని స్తంభం, ఇక్కడ గూర్ఖాల స్మారకం. ఆ స్తంభానికి పేరు మార్చారు గానీ, పర్యాటకులకి ఈ రెండింటినీ కలిపి చూపించేవాళ్లు లేరు. డార్జిలింగ్‌లో నేపాలీ మాట్లాడే పిల్లలు ఎస్ప్లనేడ్‌కి వచ్చి ఆ మీనారు చూసినప్పుడు, అది తమ తాతల ఓటమి గుర్తుగా మొదలైందని వాళ్లకి చెప్పాలి. అది చెప్పే పలక అక్కడ కచ్చితంగా ఉండాలి.

మీరు వెళ్తే అక్టోబరు చివర్లోనో, నవంబరులోనో వెళ్లండి. వానలు ఆగి గాలి శుభ్రంగా ఉంటుంది. దసరా సెలవుల్లో మాత్రం బెంగాలంతా ఆ కొండ మీదే ఉంటుంది. టైగర్ హిల్ మీద అందరూ తూర్పుకి తిరిగి నిలబడితే మీరు ఉత్తరానికి తిరగండి. ఘూమ్‌లో ఆవిరి ఇంజను వచ్చేవేళ తప్పకుండా ఉండండి. వెళ్లేముందు కలకత్తాలో ఒక పూట షహీద్ మీనార్ చుట్టూ నడవండి.

తిరుగు ప్రయాణంలో, మెయిల్లో కింది బెర్తు మీద కూర్చుని, చిన్నాన్న నా చేత ఒక అర్జీ రాయించాడు. షహీద్ మీనార్ ఎక్కడానికి అనుమతి ఇవ్వాలని. ఇంగ్లీషులో రాయమని, ఒక్కో వాక్యం చదివి వినిపించమన్నాడు. రైల్వేలో తాను చేసిన సర్వీసు రాయించాడు. కట్టినవాళ్లు హౌరా కంపెనీవాళ్లేనని కూడా రాయించాడు. ఎందుకు ఎక్కాలనుకుంటున్నారో రాయాల్సిన చోట నేను ఆగాను. చరిత్ర పరిశోధన అని రాస్తే అనుమతి సులువుగా వస్తుందేమో అన్నాను.

"వొద్దు. ఊరు సూడ్డానికని రాయి. మరేటి రాస్తావు?"

అలాగే రాశాను. పేర్లు అడిగితే తనది, నాది, కార్‌షెడ్‌లో ఇప్పుడు పనిచేస్తున్న ఇద్దరు కుర్రాళ్లవి, పక్కింటి ఆడపిల్లది చెప్పాడు. అన్నిటికంటే ముందు పిన్ని పేరు రాయమన్నాడు. ఆవిడ మోకాళ్లు గుర్తుచేశాను.

"మెట్లు 223 అన్నావు కదా. మజ్జి మజ్జిలో ఆగుతాది. మనకేటి తొందర?"